పోస్ట్‌డాక్ దరఖాస్తు పంపే ముందు

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కూర్చొని జీవశాస్త్రంలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) వెతుకుతున్నారా? పంపే ముందు ఇవి సరిచూసుకోండి.

• ఒకే లేఖను యాభై మంది ప్రొఫెసర్లకు పంపకండి, అది పెళ్లి శుభలేఖ కాదు. ఆ ప్రయోగశాల తాజా పరిశోధన పత్రాలు రెండైనా చదవండి. మీకు చేతనైన పని, క్రిస్పర్ (జన్యువులను సవరించే పద్ధతి) కానివ్వండి, కణాల పెంపకం కానివ్వండి, అక్కడ దేనికి పనికొస్తుందో నాలుగు వాక్యాల్లో చెప్పండి.

• పీహెచ్‌డీ ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చిందా?

• సిఫార్సు లేఖలు రాసేవారిని ముందే అడిగి ఉంచండి.

• యూరోపియన్ యూనియన్ పరిశోధకులకిచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్‌కైతే, దరఖాస్తు గడువుకు ముందు 36 నెలల్లో మీరు వెళ్లబోయే దేశంలో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. చాలామంది ఇక్కడే తడబడతారు.

• ఉద్యోగం ఇస్తామంటూ రుసుము అడిగితే అది మోసమే. మాట పెంచకుండా తప్పుకోండి.

• జీతం ఎన్నేళ్లకు ఖాయమో ఒప్పుకునే ముందే అడగండి. మొహమాటం వద్దు. అక్కడ పనిచేసి వెళ్లినవారితోనూ ఒకసారి మాట్లాడండి.