రంగుల బడ్జీలు – 6వ పాఠం: స్ప్లిట్ ఎవరికి ఉంటుంది, ఎవరికి ఉండదు

బడ్జీ అంటే మనం పంజరాల్లో పెంచే చిన్న చిలుక. స్ప్లిట్ అంటే ఒక రంగు జన్యువు పైకి కనిపించకుండా పిట్టలో దాగి ఉండడం. పోయిన పాఠం చివర "ఆడపిట్టకు స్ప్లిట్ ఉండదు" అని ఒక వాక్యం రాసి ముగించాను. దాని ఫలితం ఈ నెలంతా అనుభవించాను. గుంటూరు బ్రాడీపేట తమ్ముడొకడు తన గ్రీన్ ఆడపిట్టను అమ్మేశాడట. "మీరే అన్నారు కదన్నా, దాన్లో బ్లూ దాగి ఉండదని" అంటాడు. దాని తండ్రి స్కై బ్లూ! అంటే అది నూటికి నూరుపాళ్ళూ స్ప్లిట్ బ్లూ. మంచి పిట్టను చేతులారా పోగొట్టుకున్నాడు. తప్పు అతనిది కాదు, నాది. నేను రాయాల్సిన వాక్యం ఇది: ఐనో (ఎర్ర కళ్ళతో తెల్లగానో పసుపుగానో ఉండేది), ఓపలైన్ (తల, వీపు మీద చారలు తగ్గినది), సినమన్ (నల్ల చారలు గోధుమ రంగైనది) రంగుల విషయంలో ఆడపిట్టకు స్ప్లిట్ ఉండదు. బ్లూ విషయంలో మగదానికీ ఉంటుంది, ఆడదానికీ ఉంటుంది.

విజయవాడ పటమట నుంచి ఒక అక్కది ఇంకో బాధ. తెల్లటి ఆల్బినో ఆడదాన్ని గ్రీన్ మగదానికి జత కట్టారు. రెండు విడతల్లో తొమ్మిది పిల్లలొస్తే ఒక్కటీ తెల్లది కాదు. మగపిట్టను మార్చేయమంటారా అని అడిగారు. మార్చొద్దక్కా. ఆ తొమ్మిదిలో మగవన్నీ స్ప్లిట్ ఐనోలే. మీ బంగారం ఆ గంపలోనే ఉంది.

ఇదెందుకో తెలియాలంటే ముందు ఈకలో ఏముందో చూడాలి. బడ్జీ ఈకలో రంగు పదార్థాలు రెండే: పసుపు, నల్లటి మెలనిన్. నీలం అనే రంగు పదార్థం అసలు లేదు. ఈక లోపలి నిర్మాణం మీద వెలుతురు పడి చెదిరితే, వెనక మెలనిన్ ఉంటే, మన కంటికి నీలంగా కనిపిస్తుంది. దాని మీద పసుపు కలిస్తే గ్రీన్. ఆస్ట్రేలియా అడవి పిట్ట రంగు అదే. పసుపు తయారు కాకపోతే బ్లూ మిగులుతుంది. ఆ పసుపును తయారుచేసే ఎంజైమ్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడమే దీనికి కారణమని 2017లో పరిశోధకులు తేల్చారు. ఇక మెలనిన్ పోతే అది ఐనో. గ్రీన్‌లో మెలనిన్ పోతే పసుపు మిగిలి లుటినో అవుతుంది. బ్లూలో పోతే ఏమీ మిగలదు, ఆల్బినో. కాబట్టి ఆల్బినో అనేది విడిగా ఒక రంగు కాదు, బ్లూ పిట్ట మీద ఐనో కప్పేసిన రూపం. ఇక్కడో మాట. నాకు రాసేటప్పుడు "పచ్చ పిట్ట" అనకండి. మన భాషలో పచ్చ అంటే పసుపూ అవుతుంది, ఆకుపచ్చా అవుతుంది. అది లుటినోనో గ్రీనో తెలియక నేను జుట్టు పీక్కోవాలి.

ఇప్పుడు అసలు తిరకాసు. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్ళే ఇక్కడ ఎక్కువ తప్పు చేస్తున్నారు. వర్ణాంధత్వం పాఠం గుర్తుంది కదా? తల్లి వాహకురాలు, కొడుకుకు జబ్బు. ఆ లెక్కను తెచ్చి పిట్టలకు అంటిస్తున్నారు. పక్షుల్లో అది తలకిందులు. మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. ఐనో జన్యువు (ఓపలైన్, సినమన్‌లవి కూడా) జెడ్ మీదే ఉంది. మగదానికి రెండు జేబులున్నాయనుకోండి. ఒక జేబులో ఐనో, రెండో జేబులో మామూలు జన్యువు ఉంటే మామూలుదే గెలుస్తుంది, ఐనో దాగి ఉంటుంది. అదే స్ప్లిట్. ఆడదానికి ఉన్నది ఒకటే జేబు. అందులో ఐనో ఉంటే పిట్ట ఎర్ర కళ్ళతో బయటికే కనిపిస్తుంది, లేకపోతే లేనట్టే. దాచుకోవడానికి రెండో జేబేదీ? బ్లూ జన్యువు మాత్రం జెడ్ మీద లేదు, ఆడమగ రెండింటికీ రెండేసి జేబులుండే వేరే క్రోమోజోము మీద ఉంది.

అయినా "స్ప్లిట్ ఆల్బినో ఫిమేల్" అని అమ్ముతూనే ఉన్నారు. మనం కొంటూనే ఉన్నాం. నేనూ కొన్నాను కాబట్టే ఈ కోపం. మొదట్లో, పేరు చెప్పను, ఒకచోట ఒక బ్లూ జతను "రెండూ స్ప్లిట్ ఆల్బినో" అని ఆరు వందలు ఎక్కువ తీసుకుని ఇచ్చారు. ఆడదాని విషయంలో ఆ మాటే అబద్ధం. పోనీ మగదైనా నిజంగా స్ప్లిటేనా? మూడు విడతల్లో పద్నాలుగు పిల్లలొచ్చాయి. ఒక్కటీ తెల్లది లేదు. మగది స్ప్లిట్ అయితే ప్రతి పిల్లకూ తెల్లగా పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. పద్నాలుగుకు పద్నాలుగూ తప్పిపోయే అవకాశం నూటికి రెండు కూడా లేదు. అలా రెండు సీజన్లూ ఆరు వందలూ పోయాయి. బ్లూ ఆడది "స్ప్లిట్ ఆల్బినో" అన్నా, గ్రీన్ ఆడది "స్ప్లిట్ లుటినో" అన్నా, "స్ప్లిట్ ఓపలైన్ ఫిమేల్, రింగు కూడా ఉంది" అన్నా లేచి వచ్చేయండి. రింగు కాలికుంటుంది, క్రోమోజోముకు కాదు. అదే "గ్రీన్ ఫిమేల్, స్ప్లిట్ బ్లూ" అంటే మాత్రం కూర్చుని తల్లిదండ్రుల ఫొటోలు అడగండి.

జతల లెక్క ఇలా ఉంటుంది. ఐనో మగదీ మామూలు ఆడదీ అయితే ఆడపిల్లలన్నీ ఐనో, మగపిల్లలన్నీ స్ప్లిట్. మామూలు మగదీ ఐనో ఆడదీ అయితే ఐనో ఒక్కటీ రాదు, మగపిల్లలన్నీ స్ప్లిట్ (పటమట అక్క కథ ఇదే). స్ప్లిట్ మగదీ మామూలు ఆడదీ అయితే ఆడపిల్లల్లో సగం ఐనో, మగపిల్లల్లో సగం స్ప్లిట్, కానీ ఏ సగమో కంటితో చెప్పలేం. మూడోది నాకిష్టం లేదు. స్ప్లిట్ అవునో కాదో తెలియని మగవాటిని ఏళ్ళ తరబడి మేపాలి. నేనైతే మొదటి జతే పెడతాను. అందులో ఇంకో లాభం ఉంది. గుడ్డులోంచి వచ్చినప్పుడే మూసిన రెప్పల వెనక కన్ను ఎర్రగా ఉందో నల్లగా ఉందో తెలుస్తుంది. ఎర్రగా ఉంటే ఆడది, నల్లగా ఉంటే మగది. ముక్కు మీది కండ రంగు తిరిగేదాకా ఆగక్కర్లేదు. ఎలాగూ ఐనో మగవాటికి ఆ కండ నీలంగా మారదు, గులాబీ రంగులోనే ఉండిపోతుంది. అది చూసి ఒకదాన్ని ఆడదనుకుని రెండు మగవాటికి గుడ్లు పెట్టే కుండ కట్టి గుడ్ల కోసం ఎదురుచూసినవాళ్ళు నాకు తెలుసు.

తెల్లగా ఉన్నదల్లా ఆల్బినో కాదు. కళ్ళు నల్లగా ఉంటే అది డబుల్ ఫ్యాక్టర్ స్పాంగిల్ (స్పాంగిల్ అనే జన్యువు రెండు జేబుల్లోనూ ఉన్న పిట్ట) కావచ్చు. దాని లెక్క వేరు, ఇంకో పాఠంలో చూద్దాం.

బ్లూ గురించి ఒక్కటే చెబుతాను. రెండు స్ప్లిట్ బ్లూలను కలిపితే పిల్లల్లో నాలుగో వంతు బ్లూ అని ఇంతకుముందు అన్నాను. "నాలుగు పిల్లలొచ్చాయి, బ్లూ ఏదీ?" అని ముగ్గురు అడిగారు. అది రేషన్ కోటా కాదండీ, నాలుగింటికి ఒకటి చొప్పున పంచడానికి. ప్రతి గుడ్డుకూ విడిగా పాచిక పడుతుంది. ఐదు పిల్లల్లో ఒక్క బ్లూ కూడా రాకపోయే అవకాశం దాదాపు నూటికి 24. ఒక విడత చూసి జత విడదీయకండి. అలాగని ఏప్రిల్ దాటాక కూడా ఆశపడకండి. మన బెజవాడ ఎండకు కుండలో పిల్లలు ఉడికిపోతాయి. ఉగాది వెళ్ళగానే నేను కుండలు తీసేస్తాను.

అభ్యాసం. కాగితం మీద చేయండి, ఫోన్‌లో కాలిక్యులేటర్ యాప్‌లు వద్దు. ఒక లైట్ గ్రీన్ మగపిట్ట, దాని తండ్రి స్కై బ్లూ, తల్లి లుటినో. దీన్ని ఆల్బినో ఆడదానికి కట్టాం. ఎన్ని రంగుల పిల్లలు, ఏ పాళ్ళలో వస్తాయి? ఎర్ర కన్ను చూసి ఆడమగ చెప్పొచ్చా? తర్వాత ఆల్బినోను తీసేసి కోబాల్ట్ (ఒక డార్క్ ఫ్యాక్టర్ ఉన్న ముదురు నీలం) ఆడదాన్ని పెట్టండి. డార్క్ ఫ్యాక్టర్, అంటే రంగును ముదురు చేసే జన్యువు, నాలుగో పాఠంలో ఉంది. ఇప్పుడు పుట్టిన ఆల్బినో పిల్లల్లో ఏది స్కై బ్లూ మీద, ఏది కోబాల్ట్ మీద వచ్చిందో కళ్ళతో చెప్పగలరా? చెప్పలేకపోతే ఏ పిట్టతో జత కట్టి తేలుస్తారు?

మొదటి లెక్కకు ఒక చిన్న సాయం: నాలుగు రంగులు, సమానంగా. గ్రీన్, బ్లూ రెండే వచ్చాయంటే ఆ మగపిట్ట తల్లిని మర్చిపోయారన్నమాట.