గడ్డకట్టిన సరస్సు మీద చేపల వేట: ఒంటి మీద ఏముండాలి

గడ్డకట్టిన సరస్సు మీద అడుగుపెట్టేటప్పుడు చేతిలో ముందు ఉండాల్సింది గాలం కాదు, గునపం. నాలుగైదు అడుగుల పొడవు, ఉలిలాంటి మొన ఉన్నది చూసుకోండి. ఒడ్డు నుంచే మొదలుపెట్టి రెండు మూడు అడుగులకోసారి ముందువైపు గట్టిగా పొడవండి. ఒక్క పోటుకే మొన దిగిపోయి నీళ్లు ఊరాయంటే అక్కడితో ఆపేసి, పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ వచ్చిన దారినే వెనక్కి రండి.

పోటుకు ఆగిందంటే ఆగర్‌తో (ఐస్‌ను తొలిచే మరలాంటి పరికరం) రంధ్రం చేసి మందం కొలవండి. తేటగా, నల్లగా కనిపించే ఐస్ మనిషి నడవాలంటే కనీసం 4 అంగుళాలు, మంచు మీద నడిపే బండి స్నోమొబైల్‌కు 5 నుంచి 7 అంగుళాలు ఉండాలి. తెల్లటి ఐస్‌లో గాలి బుడగలు చిక్కుకుని ఉంటాయి. దాని బలం సగమే, కాబట్టి మందం రెట్టింపు కావాలి. ప్రతి 150 అడుగులకూ మళ్లీ కొలవండి. వాగు కలిసేచోట, ఊట ఉన్నచోట కదిలే నీరు ఐస్‌ను అడుగునుంచి తినేస్తుంది. పైన మంచు పేరుకున్నచోటా అనుమానించాల్సిందే: అది దుప్పటిలా కప్పేసి చలిని కిందికి దిగనివ్వదు.

ఐస్ పిక్స్ అంటే తాడుతో కలిపిన రెండు పిడులు, వాటి చివర మేకులు. చాలామంది వీటిని సామాన్ల సంచిలో పెడతారు. నీళ్లలో పడ్డాక సంచి ఎవరికి అందుతుంది? కోటు పైన, మెడలో వేలాడాలి. ఒంటి మీద లైఫ్ జాకెట్ గానీ, తేలే సూట్ గానీ తప్పదు. ఫోన్‌ను నీరు చొరని కవరులో పెట్టి కోటు లోపలి జేబులో ఉంచండి, చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది.

ఐస్ విరిగి నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది. అప్పుడు పైకెక్కాలని పెనుగులాడకండి, తల నీటి పైన ఉంచి శ్వాస కుదుటపడనివ్వండి. ఆ తర్వాత చేతులు మాట వినేది సుమారు 10 నిమిషాలే. వచ్చిన వైపుకే తిరగండి, అంతవరకూ మిమ్మల్ని మోసింది ఆ ఐసే. మేకులు గుచ్చి, కాళ్లు వెనక్కి చాపి ఈత కొట్టినట్టు తంతూ, పొట్ట మీద పాకుతూ బయటపడండి. లేచి నిలబడితే మళ్లీ విరుగుతుంది, దొర్లుకుంటూ దూరం జరగాలి. తోడున్నవాళ్లు అంచుకు పరుగెత్తకూడదు, దూరం నుంచి తాడు విసరాలి. తాడు పాలీప్రొపిలీన్‌దైతే తేలుతుంది, నైలాన్ మునుగుతుంది.

టెంట్‌లో గ్యాస్ హీటర్ పెడితే కిందొకటి, పైనొకటి గాలి కంతలు తెరిచే ఉంచండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం తగిలించండి. ఆ వాయువుకు రంగూ వాసనా లేవు.

ఐస్ కరిగి పడవ దించే రోజుల్లో ఎండ వెచ్చగానే ఉంటుంది, నీరు మాత్రం ప్రాణం తీసేంత చల్లన. లైఫ్ జాకెట్ ఒడ్డునే వేసుకోండి. ఇంజన్ ఆపే స్విచ్ తాడును ఒంటికి తగిలించాకే స్టార్ట్ చేయండి. అది లేకుండా నీళ్లలో పడితే పడవ మిమ్మల్ని వదిలేసి వెళ్లిపోతుంది.