పాతబస్తీని ఒక్కరోజులో కాలినడకన ఎలా చూడాలి?

హైదరాబాద్ వచ్చిన చుట్టాల్లో చాలామంది పాతబస్తీని చూసే పద్ధతి ఒకటే. మధ్యాహ్నం భోంచేసి క్యాబ్ ఎక్కుతారు, గంటసేపు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు, చార్మినార్ ముందు సెల్ఫీ దిగి, నాలుగు గాజులు కొనుక్కుని, "అబ్బ, ఏం జనం!" అంటూ తిరిగొస్తారు. మా ఇంట్లో దిగేవాళ్లకి నేను వేరే లెక్క చెప్తాను. పొద్దున్నే పాత కట్టడాలు, ఎండవేళకి ప్యాలెస్, పొద్దు వాలాక బజారు.

1. ముందు వారం చూసుకోండి

శుక్రవారం మాత్రం వద్దు. చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం రెండూ ఆరోజు మూసి ఉంటాయి. మధ్యాహ్నం జుమ్మా నమాజుకి మక్కా మసీదు నిండిపోతుంది. ఆదివారం తెరిచే ఉంటాయి గానీ నడవడానికి సందు దొరకదు. మంగళ, బుధవారాలు హాయి. మసీదులోకి వెళ్తారు కాబట్టి మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, ఆడవాళ్లు చున్నీ ఉంచుకోండి. లేసుల బూట్ల కన్నా చటుక్కున విప్పేసే చెప్పులు నయం.

2. మదీనా దగ్గర దిగి నడవండి

మెట్రోలో అయితే ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి, అక్కడినుంచి ఆటోలో మదీనా చౌరస్తా చేరండి. ఏడున్నర, ఎనిమిదికల్లా అక్కడ ఉంటే మంచిది. చార్మినార్ అక్కడికి కిలోమీటరులోపే.

ఆ రోడ్డే పత్తర్‌గట్టి. దుకాణాలు పదకొండు దాకా తెరవరు, అదే మనకి కావాల్సింది. షట్టర్లు దించి ఉన్నప్పుడు తలెత్తి చూస్తే రెండు పక్కలా రాతి కమానుల వరస కనిపిస్తుంది. 1908 మూసీ వరద తర్వాత, ఏడో నిజాం కాలంలో నగరాన్ని బాగుచేసే పనుల్లో భాగంగా కట్టారు వీటిని. సాయంత్రం వస్తే బోర్డులు, వేలాడే బట్టలు తప్ప ఈ రాయి కంటికి ఆనదు.

మదీనాకి దగ్గర్లోనే బాద్‌షాహీ ఆషుర్ఖానా, అంటే మొహర్రంలో పీర్లని నిలిపే చోటు, ఉంది. టూరిస్టులు ఎక్కువగా దీన్ని వదిలేసి వెళ్లిపోతారు. నన్నడిగితే ఈ మొత్తం దారిలో అన్నిటికన్నా అందమైన గోడలు ఇక్కడివే. 1590ల్లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. నీలం, పసుపు, ఆకుపచ్చ పింగాణీ పలకలు ముక్కలుగా కోసి అతికించి, పీర్ల ఆకారాలు తీర్చారు. కాస్త దగ్గరగా నిలబడి చూడండి. వరదకి పాడైన చోట పలకల బదులు రంగులు పూశారు, ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది. మొహర్రం రోజుల్లో వెళ్తే ఇది సంతాపం పాటించే చోటని గుర్తుంచుకుని, ఫోన్ జేబులో పెట్టేయండి.

3. టిఫిన్, ఆ తర్వాత చార్మినార్

ఇంకాస్త ముందుకెళ్తే గుల్జార్ హౌజ్ ఫౌంటెన్. దాని చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కమానులు, అదే చార్‌కమాన్. ఇక్కడే గోవింద్ బండి దగ్గర పొద్దున్నే వెన్న దోసె, తవా ఇడ్లీ దొరుకుతాయి. నిలబడే తినాలి. కారం ఎక్కువ, ముందే చెప్పండి.

చార్మినార్ 1591 నాటిది. టికెట్ తీసుకుని మొదటి అంతస్తు దాకా ఎక్కొచ్చు. మెట్లు ఇరుకు, ఎత్తు, ఒంపులు తిరుగుతూ ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని బలవంతపెట్టకండి. గేటు తెరవగానే ఎక్కేస్తే క్యూ బాధ ఉండదు. పైనుంచి ఉత్తరం వైపు చూస్తే మీరు నడిచొచ్చిన కమానుల దారంతా కనిపిస్తుంది.

దిగాక పక్కనే మక్కా మసీదు. కుతుబ్‌షాహీలు మొదలుపెట్టిన పని, గోల్కొండ పడిపోయాక ఔరంగజేబు కాలంలో 1694లో ముగిసింది. ఆవరణలో రెండో నిజాం నుంచి ఆరో నిజాం దాకా సమాధులున్నాయి. బయటికొచ్చి ఆ పక్కనే ఉన్న నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. డికాక్షన్ తక్కువ, పాలు ఎక్కువ కావాలంటే "పౌనా" అనండి చాలు.

4. ఎండవేళకి చౌమహల్లా

ఇక్కడినుంచి నడిచి వెళ్లే దూరమే. ఖిల్వత్ ముబారక్ దర్బారు హాల్లో 19 బెల్జియం షాండ్లియర్లు, వెనక పాత కార్లలో పసుపుపచ్చ రోల్స్ రాయిస్. చెట్ల నీడలో కూర్చోవడానికి చోటుంది కాబట్టి తొందరపడకండి. భోజనానికి మదీనా వైపు వెనక్కొచ్చి షాదాబ్‌లో బిర్యానీ తినొచ్చు. ఒక ప్లేటు ఇద్దరికి వస్తుంది. ఓపిక ఉన్నవాళ్లు తిన్నాక సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్తారు. నేనైతే దానికి ఇంకో రోజు పెట్టుకోమంటాను.

5. లాడ్‌బజార్‌కి సాయంత్రమే

చార్మినార్ నుంచి పడమరగా వెళ్లే వీధి ఇది. లక్క గాజులకి పేరు. ముందు వరస దుకాణాల్లోనే ఆగిపోకుండా లోపలి సందుల్లోకి వెళ్తే తయారుచేసేవాళ్లు కనిపిస్తారు. బొగ్గుల కుంపటి మీద లక్కని మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి తగ్గకముందే రాళ్లు ఒక్కొక్కటీ అద్దుతారు. చల్లారితే రాయి పట్టదు, అందుకే చేతులు ఆగవు. ఫోటో తీసే ముందు అడగండి, సాధారణంగా కాదనరు.

కొనేటప్పుడు సైజు నోటితో చెప్పడం కన్నా ఇంట్లో వాడే గాజు ఒకటి తీసుకెళ్లడం మేలు. రెండు-నాలుగు, రెండు-ఆరు అని లెక్క చెప్తారు గానీ లక్క మందంగా ఉంటుంది కాబట్టి లోపలి కొలత చూసుకోవాలి. రాళ్ల మీద గోరుతో మెల్లగా గీరి చూడండి, ఊడి వచ్చే రకమైతే అక్కడే తెలుస్తుంది. బేరం తప్పకుండా ఆడండి. రెండు మూడు దుకాణాల్లో రేటు కనుక్కున్నాకే మాట మొదలుపెట్టండి. చాలామందికి తెలుగు వచ్చు, భాష గురించి టెన్షన్ అక్కర్లేదు. కొన్న గాజుల్ని ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, లక్క మెత్తబడి వంకర తిరుగుతుంది.

రంజాన్ నెలలో వచ్చేవాళ్లు ఈ వరస మొత్తం తిప్పేసుకోవాలి. పగలు పడుకుని, ఇఫ్తార్ తర్వాత బయల్దేరి, హలీం తిని అర్ధరాత్రి దాకా బజారు తిరగండి.

వెళ్లేటప్పుడు చార్మినార్ దగ్గర ఆటో కోసం నిలబడొద్దు. అడిగినంతా ఇవ్వాల్సి వస్తుంది. మళ్లీ మదీనా దాకా నడిచి, అక్కడ ఎక్కండి.