ఇద్దరికీ ఒకే సైకిల్, రెండో పాఠం: కొలతలు వెనక సీటు నుంచి మొదలుపెట్టండి

పోయిన పాఠంలో టాండెం, అంటే ఇద్దరూ ముందూ వెనకా కూర్చుని తొక్కే సైకిల్ మీద ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరు వెనక అన్నది తేల్చుకున్నాం కదా. ముందున్నవాళ్ళు కెప్టెన్, స్టీరింగు, బ్రేకులు, గేర్లు అన్నీ వాళ్ళ చేతిలోనే, వెనకున్నవాళ్ళు స్టోకర్. ఈసారి కొలతలు, టేపు దగ్గర పెట్టుకోండి.

కెప్టెన్ సంగతి తొందరగా తేలిపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టోకర్ పెడల్స్ మీంచి కాళ్ళు తియ్యరు, కెప్టెన్ ఒక్కరే రెండు కాళ్ళూ నేలకి ఆనించి బండినీ వెనక మనిషినీ కలిపి ఆపాలి, బండే ఓ పదిహేను ఇరవై కిలోలుంటుంది. కాబట్టి దిగి నిలబడ్డప్పుడు పై రాడ్డుకి తగలకుండా రెండు ఇంచీలన్నా ఖాళీ ఉండాలి, లేకపోతే ఆ బండి వదిలేయండి.

అసలు చూడాల్సింది వెనక. చాలామంది జంటలు ముందు సీటు ఎక్కి చూసి బాగుందనుకుని కొనేస్తారు, నాకైతే అది తలకిందుల పద్ధతి, ఎందుకంటే వెనక ఇరుకైతే నెలరోజుల్లో ఆ మనిషి రానంటారు, బండి బాల్కనీలో పడుంటుంది. ముందు సీటు రాడ్డు నుంచి వెనక సీటు రాడ్డు దాకా టేపు పెట్టి కొలవండి. 28 ఇంచీల దగ్గర్లో ఉంటే హాయి. పాతవీ చవకవీ కొన్ని 25 లోపే ఉంటాయి, వాటిమీద స్టోకర్ ముక్కు కెప్టెన్ వీపుకి తగులుతూ ఉంటుంది. వెనక హ్యాండిల్ కెప్టెన్ సీటు రాడ్డుకే బిగించి ఉంటుంది కాబట్టి దాన్ని ముందుకీ వెనక్కీ జరుపుకునే వీలుందేమో కూడా చూడండి.

వెనకవాళ్ళకి రోడ్డు కనపడదు, గుంట వస్తోందని తెలిసేలోపే దెబ్బ నడుముకి తగుల్తుంది, అందుకే వెనక సీటుకి స్ప్రింగు రాడ్డు పెట్టించుకోండి, బడ్జెట్లో ఇంకేదైనా తగ్గించుకోండి గానీ ఇది తగ్గించకండి. కెప్టెన్ కూడా "గుంట!" అని ముందే అరవడం అలవాటు చేసుకోవాలి.

ఎడమవైపు ఇంకో చైన్ ఉంటుంది, ముందూ వెనకా క్రాంకుల్నీ (పెడల్స్ బిగించి ఉండే కడ్డీలు) కలిపేది అదే, కాబట్టి మామూలు టాండెం మీద ఇద్దరి కాళ్ళూ ఒకే స్పీడులో తిరగాల్సిందే. ఎత్తులో బాగా తేడా ఉన్న జంటైతే పొట్టివాళ్ళ వైపు 170 మిల్లీమీటర్ల క్రాంక్ బదులు 165 గానీ ఇంకా చిన్నది గానీ వేయించుకుంటే మోకాళ్ళకి సుఖం.

ట్రయల్‌కి ఖాళీ రోడ్డు వెతుక్కోండి. హైదరాబాద్ వాళ్ళకి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ ఉంది, పొద్దున్నే వెళ్ళండి. కెప్టెన్ బ్రేకులు పట్టుకుని కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడితే స్టోకర్ ఎక్కి పెడల్స్ వెనక్కి తిప్పి సర్దుతారు, తిప్పేముందు చెప్పాలి, లేకపోతే పెడల్ వచ్చి కెప్టెన్ పిక్కకి కొడుతుంది.

వచ్చే పాఠం చక్రాలూ బ్రేకులూ. ఈలోపు ఏదైనా బండి నచ్చితే వెనక చక్రం పుల్లలు లెక్కపెట్టండి, 36 కంటే తక్కువుంటే అడ్వాన్స్ ఇవ్వకుండా ఆగండి.