టిక్ కరిస్తే లైమ్ రక్తపరీక్ష ఎప్పుడు, ఎలా చేయించుకోవాలి?

లైమ్ అంటే టిక్ కాటుతో అంటుకునే బ్యాక్టీరియా జబ్బు. అమెరికాలో న్యూజెర్సీ, కనెక్టికట్ వైపు ఉండే మనవాళ్లకి వేసవి వస్తే ఇదో టెన్షన్. పిల్లాడి మోకాలి వెనక గసగసాల గింజంత డీర్ టిక్ (రక్తం పీల్చే చిన్న పురుగు) కనబడగానే రక్తపరీక్షకి పరిగెడతారు. ఆ రోజు రక్తం ఇచ్చి లాభం లేదు. పరీక్ష వెతికేది బ్యాక్టీరియాని కాదు, దానితో పోరాడటానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలని. అవి దొరికే స్థాయికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది.

1. ముందు సన్నమొన ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, టిక్‌ని నిటారుగా లాగేయండి. తేదీ రాసుకోండి. 72 గంటల్లోపు డాక్టర్‌తో మాట్లాడితే, అవసరమనుకుంటే ఒక్క డోసు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు. టిక్‌ని ల్యాబ్‌కి పంపడం నా లెక్కలో డబ్బు దండగ. దానిలో క్రిమి ఉన్నా మీకు అంటిందని కాదు.

2. నెలరోజులు చర్మం గమనించండి. రోజురోజుకీ పెరిగే ఎర్రమచ్చ వస్తే పరీక్ష అక్కర్లేదు, డాక్టర్ చూసి నేరుగా మందు మొదలుపెడతారు. చామనఛాయ ఒంటిమీద ఆ ఎరుపు సరిగా తెలియదు, కమిలినట్టు ఉంటుంది. అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి ఫోటో తీయండి. మర్నాడు మచ్చ గీత దాటిందో లేదో తెలిసిపోతుంది.

3. మచ్చ లేకుండా మోకాలు వాచినా, ముఖం ఒకవైపు వంకరపోయినా రక్తం ఇవ్వాలి. పరగడుపున వెళ్లక్కర్లేదు. మొదట ఎలీసా అనే యాంటీబాడీ పరీక్ష చేస్తారు. నెగెటివ్ అయితే అక్కడితో సరి. పాజిటివో అనుమానమో అయితే అదే రక్తంతో వెస్టర్న్ బ్లాట్ (యాంటీబాడీలు గీతలుగా కనబడే పరీక్ష), లేదా ఇంకో రకం ఎలీసా. వెస్టర్న్ బ్లాట్ పాజిటివ్ అనాలంటే ఐజీజీ (తర్వాత పెరిగే యాంటీబాడీ) 10 గీతల్లో కనీసం 5, లేదా ఐజీఎమ్ (ముందుగా వచ్చే యాంటీబాడీ) 3 గీతల్లో కనీసం 2 రావాలి. ఐజీఎమ్‌ని మొదటి నెలలోనే లెక్కలోకి తీసుకుంటారు. ఒకటి రెండు గీతలు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ వస్తాయి, గూగుల్ చూసి బెంబేలెత్తకండి.

4. మరీ తొందరగా ఇచ్చిన రక్తం నెగెటివ్ వచ్చి లక్షణాలు తగ్గకపోతే, కొన్ని వారాలాగి మళ్లీ ఇవ్వండి. మందులు వాడాక మాత్రం తగ్గిందో లేదో చూద్దామని చేయించొద్దు. యాంటీబాడీలు ఏళ్ల తరబడి ఉండిపోతాయి.

5. చలిజ్వరం, ప్లేట్‌లెట్లు తగ్గడం ఉంటే అనాప్లాస్మా (ఇంకో బ్యాక్టీరియా), బబీసియా (ఎర్రరక్తకణాల్లో చేరే పరాన్నజీవి) పరీక్షలూ అడగండి. ఇవీ అదే టిక్‌తో వస్తాయి. వీటికి పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష), బ్లడ్ స్మియర్ (రక్తపు చుక్కని మైక్రోస్కోప్ కింద చూడటం) చేస్తారు.

అమ్మానాన్నలు వేసవికి వచ్చి హైదరాబాద్ తిరిగెళ్లాక జ్వరపడితే, అక్కడి డాక్టర్‌కి అమెరికా ప్రయాణం సంగతి తప్పక చెప్పమనండి. స్మియర్‌లో బబీసియా అచ్చం మలేరియాలాగే కనిపిస్తుంది.