విపత్తు తాకిన తీరంలో పాటలు రికార్డు చేయబోతున్నారా, ముందు ఇవి చూసుకోండి

మైకులూ కేబుళ్ల సంగతి తర్వాత, ముందు తేదీ చూసుకోండి. 2004 సునామీలో నష్టపోయిన ఊళ్లకు డిసెంబర్ 26 దగ్గర్లో, 2011 సునామీ ముంచిన జపాన్ తీరానికి మార్చి 11 దగ్గర్లో పాటల కోసం వెళ్లకండి, అవి వాళ్లు తమవాళ్లను తలుచుకునే రోజులు. సాయం పంచుతున్న రోజుల్లో అసలే వద్దు. మైకు పట్టుకొచ్చిన మనిషి కూడా సాయం జాబితా రాసుకునేవాడిలాగే కనిపిస్తాడు, పాడకపోతే పేరు ఎక్కించరేమోనన్న భయంతో పాడితే దాన్ని ఒప్పుకోవడం అనరు. అందుకే సాయం సంస్థ బండిలో ఊళ్లోకి దిగకండి.

అనుమతి మూడుసార్లు అడగాలి: రికార్డుకు ముందు, పాడినవాళ్లకు వినిపించాక, ఇంటర్నెట్‌లో పెట్టేముందు. చనిపోయినవాళ్ల మీద పాడే ఏడుపు పాటలు మాత్రం మీరుగా అడగొద్దు. వాళ్లే ఎత్తుకుంటే రికార్డర్ ఉంచాలా, ఆపాలా అని వీలు చూసుకుని అడగండి. గొంతు పూడుకుపోయిన మనిషిని ఇంకో టేక్ అడిగేవాళ్లు ఈ పనికి పనికిరారు, మొహమాటం లేకుండా చెబుతున్నా.

వల లాగే పాట తాడు బరువుతో, రొప్పుతో కలిసి నడుస్తుంది. పడవ పోగొట్టుకున్న మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి పాడిస్తే పాట నడక మారిపోతుంది, పోయిన పడవ గుర్తొస్తుంది కూడా. వేట మళ్లీ మొదలయ్యాకే వెళ్లండి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ తప్పనిసరి, తుపాను హెచ్చరిక ఉంటే ఒడ్డునే ఉండిపోండి.

గాలిని మైకు మీది మామూలు స్పాంజి తొడుగు ఆపదు, బొచ్చు తొడుగు కావాలి. 80 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకంటే తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలను తగ్గించే ఫిల్టర్) పెడితే గాలి గుబగుబ తగ్గుతుంది గానీ అలల హోరు పోదు, అది అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ ఉంటుంది కదా, గోడ చాటుకు జరగడమే మార్గం. ఒకరు ఎత్తుకుంటే పదిమంది ఒక్కసారిగా అందుకుంటారు, అందుకని శబ్దం రికార్డర్ మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా లెవల్ పెట్టుకోండి. రికార్డు చేసేది వేవ్ (WAV) ఫైలు, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌కు తగ్గొద్దు. ఏసీ గదిలోంచి తెచ్చిన మైకును వెంటనే తీయకండి, చెమ్మ పడుతుంది, కాసేపు సంచిలోనే ఉంచండి. కరెంటు అంతంతమాత్రంగా ఉన్న చోట వాళ్ల ఛార్జింగ్ పాయింటు ఆక్రమించకుండా బ్యాటరీలు మీరే మోసుకెళ్లండి. శిథిలాల్లో మేకులుంటాయి, గట్టి బూట్లు వేసుకోండి, టెటనస్ టీకా సంగతి ముందే చూసుకోండి.

రికార్డింగు ప్రతి పాడినవాళ్లకు ఇవ్వండి, పెన్ డ్రైవులో కాదు, వాళ్ల ఫోనులో మోగేలా.