బుకింగులు ఢీకొనకుండా టేబుల్‌కు కన్‌స్ట్రెయింట్

ఒకే గదికి ఒకే సమయంలో రెండు బుకింగులు పడకుండా ఆపడం మామూలు యూనిక్ కన్‌స్ట్రెయింట్ (డేటాబేస్ తనే అమలు చేసే నిబంధన) వల్ల కాదు. అది సమానమైన విలువలనే పట్టుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఇందుకు ఎక్స్‌క్లూడ్ కన్‌స్ట్రెయింట్ వాడొచ్చు. ముందు బీట్రీ-జిస్ట్ (btree_gist) ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. ఎక్స్‌క్లూడ్‌లో గదికి సమానం గుర్తు (=), వ్యవధికి రెండు ఆంపర్‌సాండ్‌లు (&&, వ్యవధులు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయా అని చూసేది) రాయాలి. వ్యవధిని దాచే రేంజ్‌లో మొదటి క్షణం లెక్కలోకి రావాలి, చివరి క్షణం రాకూడదు: అప్పుడే 10–11, 11–12 బుకింగులు గొడవపడవు.

నల్ (విలువ లేకపోవడం) దగ్గర చాలా జాగ్రత్త. గది గానీ వ్యవధి గానీ నల్ అయితే ఆ వరుసను అసలు ఆపదు, కాబట్టి రెండింటికీ నాట్ నల్ తప్పనిసరి. మొదలూ చివరా ఒకటే అయితే రేంజ్ ఖాళీ అయిపోయి దేనితోనూ ఢీకొనదు. దాన్ని ఆపడానికి విడిగా చెక్ కన్‌స్ట్రెయింట్ పెట్టండి.

కన్‌స్ట్రెయింట్ పేరు మీరే పెట్టండి, ఎర్రర్‌లో కనబడేది అదే: ‘bookings_room_no_overlap’ లాగా. 63 బైట్లు దాటితే తోక తెగుతుంది. పాత డేటాలో ఢీకొనే వరుసలుంటే కన్‌స్ట్రెయింట్ పడదు. పాత వరుసలను తనిఖీ చేయకుండా వదిలేసే నాట్ వాలిడ్ ఇక్కడ చెల్లదు, ముందే సరిచేయాలి.